హేగ్‌కి దారి ఆత్మకూరు మీదుగా

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర. అన్నం ముందు కూర్చున్నానో లేదో ఫోను మోగింది. తెలియని నంబరు.

"అన్నా, పేపర్లో రాసేది మీరేనా?"

"నేనే, చెప్పమ్మా."

"మాది ఉదయగిరి పక్కన పల్లె అన్నా. నెల్లూరులో లా రెండో సంవత్సరం చదువతా ఉండా. ఇంటర్నేషనల్ లా అంటే నాకు శానా ఇష్టం. పుస్తకం అంతా చదివేశా. ప్రాక్టికల్‌గా నేర్చుకోవాలంటే మటుకు ఢిల్లీ పోవాల, కుదిరితే హేగ్ పోవాల అంటా ఉండారు. మన మెట్టోళ్లకి అయ్యే పనేనా అది?"

ఇలాంటి ప్రశ్నలకి నా దగ్గర ఎప్పుడూ ఒక రెడీమేడ్ జవాబు ఉంటుంది. మూట్ కోర్టులన్నాను, ఇంటర్న్‌షిప్పులన్నాను, ఇంగ్లిషు బాగా చదువుకోమన్నాను. అన్నిటికీ 'ఊ' కొట్టింది. ఇక పెట్టేయబోతుంటే, "ఇంకో మాటన్నా" అంది, గొంతు తగ్గించి.

"మా అమ్మ కువైట్‌లో ఉండాది. ఇంటిపనికి పోయింది. నాలుగు నెల్లుగా జీతం ఇవ్వలా. పాస్‌పోర్టు కఫీల్ దగ్గిరే ఉండాది. వచ్చేస్తానంటే పంపీటంలా. ఎవురికి చెప్పుకోవాలో తెలీటంలా. మీకు తెలిసినోళ్లు ఎవురైనా ఉండారా?"

అన్నం చల్లారిపోయింది. ఆ అమ్మాయి రెండు ప్రశ్నలు అడిగానని అనుకుంది. ఒకటి చదువు గురించి, ఇంకోటి ఇంటి గురించి. నాకు మాత్రం రెండూ ఒకే ప్రశ్నలా వినిపించాయి. ఒక దేశపు మనిషి మరో దేశంలో ఇంకొకరి ఇంట్లో పని చేస్తోంది. ఆమెకి రావాల్సింది రాలేదు. ఏ చట్టం వర్తిస్తుంది? ఏ ప్రభుత్వం మాట్లాడాలి? ఏ కాగితం చూపించాలి? అంతర్జాతీయ న్యాయం అంటే ఇదే కదా! ఈ పిల్ల దాన్ని ఇంట్లో పెట్టుకుని, ఎక్కడ దొరుకుతుందని నన్నడుగుతోంది.

"ఆదివారం ఆత్మకూరు రాగలవా? ఇంట్లో అమ్మకి సంబంధించిన కాగితం ముక్క ఏది కనిపించినా పట్టుకురా" అన్నాను.

జిరాక్సు షాపులో మొదటి పాఠం

ఆత్మకూర్లు మనకి చాలా ఉన్నాయి. ఇది నెల్లూరు జిల్లాది. నెల్లూరు నుంచి బద్వేలు, కడప వైపు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. పెన్నమీద సోమశిల డ్యాము దగ్గర్లోనే. అక్కడి నుంచి ఉత్తరానికి పోతే ఉదయగిరి, దాని వెనక దుర్గం కొండ. జిల్లాలో తూర్పువైపు వరి, రొయ్య. పడమరన మెట్ట. వానపడితే పంట, పడకపోతే వలస. కొందరు నెల్లూరుకి, కొందరు చెన్నైకి, బెంగుళూరుకి పోతారు. కొందరు ఏకంగా విమానం ఎక్కి గల్ఫ్‌కి పోతారు. అందుకే ఈ పల్లెల్లో ముసలమ్మలు కూడా అరబ్బీ మాటలు అలవోకగా వాడేస్తారు. కఫీల్ అంటే పనిలో పెట్టుకున్న యజమాని. అకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి. ఖద్దామా అంటే ఇంటిపని మనిషి. యజమాని దగ్గర్నుంచి పారిపోయి కాగితాలు లేకుండా బతికేవాళ్లని కల్లివెల్లి అంటారు.

బస్టాండు దగ్గర ఓ జిరాక్సు షాపు ముందు బెంచీ మీద కూర్చున్నాం. ఆ అమ్మాయి చీరలకొట్టు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు తెరిచింది. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ జిరాక్సు. అరబ్బీలో ఉన్న వీసా కాగితం. అమ్మ ఫోనులో పంపిన సివిల్ ఐడీ ఫొటో. బ్యాంకు పాస్‌బుక్కు. ఏజెంటు విజిటింగ్ కార్డు. అంతే. పని ఒప్పందం కాగితం లేదు. ఏజెంటుకిచ్చిన డబ్బుకి రసీదు లేదు.

"ఇందులో లా ఏముందన్నా?" అంది.

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయమన్నాను. ఎడమవైపు తేదీ, కుడివైపు జరిగింది. అమ్మ ఎప్పుడు బయల్దేరింది, ఏ ఎయిర్‌పోర్టు నుంచి, ఆఖరి జీతం బ్యాంకులో ఎప్పుడు పడింది, తిరిగొచ్చేస్తానని మొదటిసారి ఎప్పుడు అడిగింది, యజమాని ఏమన్నాడు... గంట పట్టింది. పాస్‌బుక్కులో ఎంట్రీలు చూసి తేదీలు సరిచేసుకుంది. అమ్మ వాట్సాప్‌లో పంపిన మాటలు మళ్లీ విని రాసుకుంది. "నాలుగు నెల్లు" అని మొదట చెప్పింది కానీ, లెక్క తీస్తే మూడు నెలల ఇరవై రోజులు తేలింది. నాలుగు కొట్టేసి అదే రాసింది. పెద్ద కోర్టులో పెద్ద లాయరు చేసే మొదటి పని కూడా ఇదే. తేదీల పట్టిక తప్పయితే ఎంత గొప్ప వాదనైనా కూలుతుంది.

ఏ చట్టం కట్టిపడేస్తుంది?

ఇక రెండో పాఠం. పుస్తకంలో చదివిన ఒప్పందాల్లో ఈ కేసుకి పనికొచ్చేదేది?

ఆ అమ్మాయికి చప్పున గుర్తొచ్చింది అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్ల 189వ ఒప్పందం. ఇంటిపనివాళ్ల కోసమే 2011లో చేసింది. వారానికో సెలవు, రాతపూర్వక ఒప్పందం, జీతానికి భద్రత... అన్నీ ఉన్నాయి అందులో. "ఇదే అన్నా, ఇదే చూపిద్దాం!" అంది ఉత్సాహంగా. దాన్ని ఏయే దేశాలు ఆమోదించాయో ఫోనులోనే చూడమన్నాను. కువైట్ లేదు. మన దేశమూ లేదు. మొహం చిన్నబోయింది.

పరీక్షలో అయితే ఆ ఒప్పందం గురించి నాలుగు పేజీలు రాస్తే మార్కులు పడతాయి. ఇక్కడ అమ్మకి జీతం పడదు. సంతకం చెయ్యని దేశాన్ని ఒప్పందం కట్టెయ్యదని ఆ అమ్మాయి క్లాసులో ఎన్నిసార్లు వినుంటుందో! ఆ రోజు బెంచీ మీద మాత్రం అది ఒంటికి తగిలింది.

మరి ఏది కడుతుంది? వెతికితే దొరికాయి. కువైట్ తనంతట తాను చేసుకున్న చట్టం ఒకటుంది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం. రోజుకి పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో రోజు సెలవు. ఏడాదికి ముప్పై రోజులు జీతంతో సెలవు. పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. పనిమనిషి పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదు. ఆ పిల్ల ఈ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

రెండోది, 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం. ఇందులో రెండు దేశాలూ ఉన్నాయి. పరాయి దేశంలో ఉన్న తన పౌరులకి సాయపడటం కాన్సులేటు పని అని అయిదో అధికరణం చెబుతుంది. మనవాళ్లని అరెస్టు చేస్తే మన కాన్సులేటుతో మాట్లాడే హక్కు గురించి ముప్పయ్యారో అధికరణం చెబుతుంది. కులభూషణ్ జాదవ్ కేసు గుర్తుందా? 2019 జులైలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ని తప్పుపట్టింది ఆ ముప్పయ్యారో అధికరణం మీదే. టీవీల్లో రోజుల తరబడి మోగిన ఆ అధికరణమే, రేపు మన మెట్ట కుర్రాణ్ని ఏ దుబాయ్ పోలీసులో పట్టుకుంటే వాడికీ వర్తిస్తుంది.

మూడోది మన దేశం చట్టమే. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మనుషుల్ని విదేశీ పనికి పంపడం నేరం. రిజిస్టరైన ఏజెంటు కూడా ముప్పైవేల రూపాయలు, ఆపైన జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. ఏజెంటు పేరు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఆ విజిటింగ్ కార్డు మీది పేరు కోసం అక్కడే వెతికాం. లేదు.

నాలుగోది, 2021 జూన్‌లో ఇంటిపనివాళ్ల నియామకాల మీద భారత్, కువైట్ సంతకాలు చేసిన అవగాహన ఒప్పందం.

సాయంత్రానికి రెండు పేజీల ఫిర్యాదు తయారైంది. విదేశాంగశాఖ 2015లో మొదలుపెట్టిన 'మదద్' పోర్టల్‌లో కుటుంబసభ్యులు కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫిర్యాదులో 'దయచేసి', 'కాళ్లకి మొక్కుతాం' లాంటి మాటలు మొదటి కాపీలో చాలా ఉన్నాయి. వాటిని తీసేసి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా జీతం రాలేదు, ఫలానా చట్టం ప్రకారం పాస్‌పోర్టు తిరిగివ్వాలి అని రాసింది. ఇంగ్లిషు తప్పులు ఉన్నాయి. ఉంటే ఉండనీ. ఏం జరిగింది, ఏం కావాలి అన్నది స్పష్టంగా ఉంది.

తిరుపతిలో పెళ్లి, మిస్సోరీలో విడాకులు

"ఇది గల్ఫ్ సంగతి. అమెరికా సంగతులు వేరేగా ఉంటాయి కదన్నా" అంది టీ తాగుతూ. అప్పుడు చెప్పాను, లా విద్యార్థులంతా చదివే ఒక తెలుగు కేసు కథ.

1975 ఫిబ్రవరిలో తిరుపతిలో ఒక జంటకి హిందూ పద్ధతిలో పెళ్లయింది. మూడేళ్లకి విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టుకి వెళ్లి, 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. భార్య అక్కడికి వెళ్లలేదు. మీ కోర్టు అధికారం నేను ఒప్పుకోనంటూ పోస్టులో జవాబు పంపింది. అతను 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య, రెండో పెళ్లి నేరమంటూ కేసు వేసింది. చీరాల మేజిస్ట్రేటు కోర్టులో మొదలై, హైకోర్టు దాటి, సుప్రీంకోర్టు దాకా పోయింది ఆ కేసు. 1991 జులై 9న జస్టిస్ పి.బి.సావంత్ రాసిన తీర్పు ఇవాళ్టికీ దేశమంతా మార్గదర్శకం. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇస్తేనే విదేశీ విడాకులు మన దగ్గర చెల్లుతాయి. దానికి మినహాయింపులు ఉన్నాయి కానీ, అవతలి మనిషి ఒప్పుకోలు లేకుండా ఎక్కడో తెచ్చుకున్న కాగితం చెల్లదని తేల్చింది.

అందులో చాలామంది గమనించని చిన్న సంగతి ఒకటుంది. ఆ డిక్రీ ఫొటోస్టాట్ కాపీని కోర్టులో పెట్టారు. ఫొటోస్టాట్ కాబట్టి చెల్లదని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు ఆ కారణాన్ని సరిదిద్దింది. అమెరికా కోర్టు గుమాస్తా ధ్రువీకరించిన నకలు కాబట్టి, ఫొటోస్టాట్ అన్నంత మాత్రాన తోసెయ్యక్కర్లేదు. అయితే ఆ దేశంలో ఉన్న మన కేంద్రప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ దాని మీద లేదు. అందుకని చెల్లదంది. ఒక్క ముద్ర లేకపోవడం ఎంత పని చేసిందో చూడండి!

ఆ ముద్రల లోకమే ఆత్మకూరులో రోజూ నడుస్తోంది. కువైట్‌లో ఉన్న మనిషి ఇక్కడి పొలం అమ్మాలి. తమ్ముడి పేరున పవరాఫ్ అటార్నీ పంపుతాడు. రిజిస్ట్రారు ఆఫీసులో అది చెల్లాలంటే నోటరీయో, కోర్టో, మన కాన్సులేటు అధికారో ఎదుట సంతకం పెట్టి ఉండాలి. మన దేశం చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. తెలియక ఆర్నెల్లు బీరువాలో పెట్టి, ఆనక తిరిగేవాళ్లని ఏ దస్తావేజు లేఖరిని అడిగినా చెబుతాడు. ఇక్కడి సర్టిఫికెట్లు విదేశానికి పంపాలంటే ఇంకో దారి. హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి సభ్యురాలు. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా చేరాయి కాబట్టి అక్కడికి అపోస్టిల్ ముద్ర చాలు. ఒప్పందంలో లేని దేశానికైతే ఆ దేశపు ఎంబసీ గడప తొక్కాల్సిందే. కోర్టు సమన్లు విదేశానికి పంపడానికి ఇంకో హేగ్ ఒప్పందం. మనకది 2007 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. హేగ్ హేగ్ అంటున్నాం కదా, ఆ ఊరిపేరు మన మున్సిఫ్ కోర్టు ఫైళ్లలోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది.

పద్దెనిమిదేళ్ల పాఠం

కాగితం విలువ తెలియాలంటే సిరిసిల్ల వైపు చూడాలి. అక్కడి నుంచి దుబాయ్ పోయిన కార్మికులు కొందరు, 2005లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో జైలుపాలయ్యారు. అక్కడి చట్టంలో, చనిపోయినవాళ్ల కుటుంబం పరిహారం తీసుకుని క్షమిస్తే శిక్ష తగ్గే వీలుంటుంది. ఆ పరిహారాన్ని దియా అంటారు. 2011లో కె.టి.రామారావు నేపాల్ వెళ్లి, ఆ కుటుంబానికి పదిహేను లక్షల రూపాయలు అందజేశారు. అయినా జైలు తలుపు వెంటనే తెరుచుకోలేదు. ఆ కార్మికులు ఇళ్లకి చేరేసరికి 2024 ఫిబ్రవరి అయింది. అంటే దాదాపు పద్దెనిమిదేళ్లు.

ఒక్క కేసులో మూడు దేశాలు. మనిషి తెలంగాణ వాడు, చనిపోయింది నేపాలీ, కోర్టు దుబాయ్‌ది. నేపాలీలో క్షమాపత్రం, అరబ్బీలో తీర్పు, తెలుగులో భార్య విన్నపం. ఈ మూడు భాషల కాగితాల్ని ఒక వరుసలో పెట్టి, ఏది ఎక్కడికి, ఎవరి ద్వారా పోవాలో తెలిసిన మనిషి ప్రతి మండలంలో ఒకరుంటే బాగుండదూ? ఇలాంటి పని నేర్చుకోవడానికి లా కాలేజీ రోజులకి మించిన సమయం ఏముంది?

కొండమీద మూట్ కోర్టు

మాటల్లో ఆ అమ్మాయి, "జెస్సప్‌లో ఇచ్చే సమస్యలు రాజ్యాల గొడవలన్నా. అవి మనకి యాడ దొరకతాయి?" అంది. జెస్సప్ అంటే అంతర్జాతీయ న్యాయంలో అన్నిటికంటే పెద్ద మూట్ కోర్టు పోటీ. 1960లో మొదలైంది. కల్పిత దేశాల మధ్య తగాదా ఇస్తారు. ఒకే జట్టు రెండు పక్షాలకీ వాదనలు రాయాలి, రెండు పక్షాలా వాదించాలి.

"మీ ఊరి నుంచి తలెత్తి చూస్తే కనిపించేది ఏంది?" అన్నాను.

"దుర్గం."

ఆ దుర్గం కోసం శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి, 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకుపోయి, 1515లో హంపీలో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఆనక గజపతితో సంధి చేసుకుని కృష్ణకి ఉత్తరాన ఉన్న భూములు తిరిగిచ్చాడు. ఇదే ఇవాళ రెండు దేశాల మధ్య జరిగితే? యుద్ధంలో గెలిచినవాడు గుడిలోని విగ్రహం తీసుకుపోవచ్చా? యుద్ధకాలంలో సాంస్కృతిక సంపదని కాపాడే హేగ్ ఒప్పందం 1954లో వచ్చింది. 1958లో మన దేశం ఆమోదించింది. అప్పటి చేష్టకి ఇప్పటి చట్టం వర్తిస్తుందా? ఒక పక్క గజపతి లాయరు, ఇంకో పక్క రాయల లాయరు. నలుగురు స్నేహితులు కూడితే శనివారం సాయంత్రం కాలేజీ మెట్ల మీద వాదించుకోవచ్చు.

ఇంకోటి, ఉదయగిరి చెక్క చెంచాలు. నగిషీ గరిటెలకి పేరుపడ్డ ఊరు అది. వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు చట్టం మనకి 1999లో ఎందుకొచ్చింది? ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినందుకు. ఇక్కడి రిజిస్ట్రేషన్ ఇక్కడే చెల్లుతుంది. రేపు పరాయి దేశంలో ఎవడైనా అదే పేరుతో మిషను చెంచాలు అమ్మితే ఆ కళాకారులు ఏం చెయ్యాలి? ప్రాజెక్టు రిపోర్టుకి ఇంతకంటే మంచి అంశం దొరకదు. ఇంటి పక్కకి వెళ్లి అడిగితే చాలు, సగం రిపోర్టు అక్కడే ఉంటుంది.

ఎక్కాల్సిన మెట్లు

సరే, ఇదంతా ఇంటి దగ్గర. ఆ తర్వాతేమిటి? చదువుకునే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఈ నాలుగు ముక్కలు కత్తిరించి దాచుకోండి.

మొదటి మెట్టు, ఇంటర్న్‌షిప్పు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సువాళ్లు పన్నెండు వారాలు, అయిదేళ్లవాళ్లు ఇరవై వారాలు చెయ్యాలి. వరసగా నాలుగు వారాలకి మించి లెక్కలోకి రాదు. చాలామంది సర్టిఫికెట్ కోసం ఎవరో ఒక లాయరు దగ్గర సంతకం పెట్టించుకుంటారు. అలా కాకుండా అందులో ఒక నాలుగు వారాలు ఎన్నారై కేసులు చూసే లాయరు దగ్గర, ఇంకో నాలుగు వారాలు వలస కార్మికుల కోసం పనిచేసే సంస్థలో చెయ్యండి.

రెండో మెట్టు, న్యాయసేవాధికార సంస్థ. లా విద్యార్థులు పారాలీగల్ వాలంటీర్లుగా చేరొచ్చు. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ అక్కడ ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోను చేస్తే చాలు. గల్ఫ్ సమస్యలకైతే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నంబరు 1800 11 3090.

మూడో మెట్టు ఢిల్లీ. 1959లో పెట్టిన ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంటర్నేషనల్ లా అక్కడుంది. డిప్లొమా కోర్సులు నడుపుతుంది. రెడ్ క్రాస్ వాళ్లతో కలిసి హెన్రీ డ్యూనాంట్ పేరున మూట్ పోటీ పెడుతుంది. ఆసియా, ఆఫ్రికా దేశాల న్యాయ సలహా సంస్థ కేంద్ర కార్యాలయమూ ఢిల్లీలోనే.

నాలుగోది హేగ్. అక్కడి అకాడమీలో వేసవి కోర్సులు 1923 నుంచి నడుస్తున్నాయి. ఉపకారవేతనాలూ ఉన్నాయి. అంతర్జాతీయ న్యాయస్థానంలో ఇంటర్న్‌షిప్పు ఉంది కానీ జీతం ఉండదు. తిండీ, బసా మనమే చూసుకోవాలి. ఈ మాట ముందే తెలిస్తే మంచిది. అప్పు చేసి పోయినందుకు ఆనక ఏడవక్కర్లేదు. అంతవరకూ ఆగలేనివాళ్లకి, ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ ఆడియో విజువల్ లైబ్రరీ ఇంటర్నెట్‌లో ఉచితం. ప్రపంచంలో పేరున్న ఆచార్యుల పాఠాలు సెల్‌ఫోనులో వినొచ్చు.

మనవాళ్లు అంతదూరం పోయారా అంటారా? పోయారు. కృష్ణా జిల్లా వీరుళ్లపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు, జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి 1996లో న్యాయమూర్తి అయ్యారు. 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షుడు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన పెమ్మరాజు శ్రీనివాసరావు, ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘంలో 1987 నుంచి 2006 దాకా సభ్యుడు. ఒక దేశంలో చేసే ప్రమాదకరమైన పని పక్కదేశానికి నష్టం చెయ్యకుండా ఎలా ఆపాలో చెప్పే నియమాల మీద పనిచేశారు.

చెయ్యకూడనివి

ఉత్సాహం మంచిదే. రెండు హద్దులు మాత్రం మరవకూడదు. లా చదువుతున్నవాళ్లు లాయర్లు కారు. సలహా చెప్పి డబ్బు తీసుకోవడం, కోర్టులో నిలబడటం కుదరదు. ఏ కాగితం రాసినా ఒక అడ్వకేటుకో, న్యాయసేవాధికార సంస్థకో చూపించాకే పంపాలి. మేము రాసిన ఫిర్యాదు కూడా ఆత్మకూరులో ఒక సీనియర్ లాయరు చదివి, రెండు వాక్యాలు కొట్టేశాకే పోయింది.

రెండోది, ఇంకా ముఖ్యం. సాయం చేస్తున్నాం కదా అని ఎదుటిమనిషి పాస్‌పోర్టు కాపీ, ఏడుస్తూ పెట్టిన వీడియో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. అది ఆ యజమాని కంట పడితే, గదిలో తాళం పడేది ఆ ఆడమనిషికే. ఆ అమ్మాయికీ అలాంటి ఆలోచన వచ్చింది. "వైరల్ అయితే తొందరగా పని అవుతుందేమో" అంది. అమ్మని అడిగి చెయ్యమన్నాను. మన టైముకి రాత్రి ఒంటిగంటన్నరకి, కువైట్‌లో పదకొండింటికి, పనంతా అయ్యాక అమ్మ ఫోను చేసింది. వద్దంది. అంతే, ఆ మాట అక్కడితో ఆగింది. మనవైపు మనిషి ఏం కోరుతోందో ముందు అడగడం ఏ సిలబస్‌లోనూ పాఠంగా ఉండదు. కానీ అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది అదే.

ఆ తర్వాత

ఇది జరిగి ఏడాది దాటింది. ఫిర్యాదుకి నంబరు వచ్చింది. రెండు వారాలు ఏ కబురూ లేదు. మళ్లీ రాసింది, అదే తేదీల పట్టిక జతచేసి. ఎంబసీ నుంచి యజమానికి ఫోను వెళ్లింది. అమ్మ చేతికి పాస్‌పోర్టు వచ్చింది. రావాల్సిన జీతంలో రెండు నెలలది వచ్చింది, మిగతాది రాలేదు. టిక్కెట్టు డబ్బు ఇంటివాళ్లే పంపారు. ఒక తెల్లవారుజామున చెన్నైలో దిగి, బస్సులు మారి, మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. మొత్తం గెలిచామని చెప్పను. రాని జీతం కోసం ఆ అమ్మాయి ఇంకా కాగితాలు రాస్తూనే ఉంది.

మొన్న ఫోను చేసినప్పుడు ఎక్కడున్నావని అడిగాను. "ఆత్మకూరు కోర్టు దగ్గరన్నా. సీతారామపురం నుంచి ఒకామె వచ్చింది. ఆమె మొగుడు సౌదీలో చనిపోయినాడంట. ఏజెంటు ఏవో కాగితాల మీద సంతకం పెట్టమంటా ఉండాడు. లాయరు సారు వచ్చిందాకా పెట్టొద్దని చెప్పి కూర్చోబెట్టినా" అంది.

"జెస్సప్ ఏమయింది?"

"కాలేజీలో టీము కట్టినాం. ఇంగ్లిషే కొంచెం తిప్పలు పెడతా ఉండాది. ఉండన్నా, ఆమెని తేదీలు అడగాల, మళ్లీ చేస్తా" అని పెట్టేసింది.